హెరాల్డ్ బానెట్ ముందు మిగతావన్నీ దిగదుడుపే

పాత కార్ల పిచ్చి ఉన్నవాళ్లు నలుగురు కలిస్తే చర్చ అంబాసిడర్‌తో మొదలై పద్మిని, కాంటెస్సాల దగ్గర ముగుస్తుంది. మద్రాసు శివారు వండలూరులో తయారైన కారును చెన్నైలో ఉన్నవాళ్లే తలచుకోకపోతే ఇంకెవరు తలుస్తారు? రెండు తలుపుల స్టాండర్డ్ హెరాల్డ్ చాలా ఏళ్లుగా నా దగ్గరుంది. దాని 948 సీసీ ఇంజిన్ గురించీ, ఇటలీ డిజైనర్ మికెలోట్టి తీర్చిన రూపం గురించీ అందరికీ తెలుసు. నేను మాట్లాడేది బానెట్ గురించి.

హెరాల్డ్‌లో మడ్‌గార్డులు, హెడ్‌లైట్లతో సహా కారు ముందు భాగమంతా బానెట్టే. పక్కల ఉన్న రెండు కొక్కేలు తీసి ఎత్తితే మొత్తం ముందుకు వాలిపోతుంది. ఇంజిన్, స్టీరింగు, ముందు చక్రాలు అన్నీ చేతికందుతాయి. టైరు మీద కూర్చుని స్పార్క్ ప్లగ్గులు మార్చుకోవచ్చు. బల్బు మార్చడానికి బంపరు ఊడదీయాల్సిన ఈనాటి కార్లతో వేగినవాళ్లకు ఆ సుఖం విలువ తెలుస్తుంది. నిజానికి ఇది అవసరం నేర్పిన విద్య. 1950లలో ఇంగ్లండులో బాడీలు చేసిచ్చే సంస్థ పోటీ కంపెనీ చేతికి వెళ్లడంతో, హెరాల్డ్‌కు ఛాసీని, అంటే అడుగు చట్రాన్ని, విడిగా ఉంచి, బాడీని భాగాలుగా చేయించి బోల్టులతో బిగించారు.

ఈ బానెట్ నా పరువు కాపాడింది మే నెలలో ఒక మిట్టమధ్యాహ్నం. కత్తిరి ఎండ, గిండీ దాటి కత్తిపారా వైపు కదలని ట్రాఫిక్. ఇంజిన్ రెండుసార్లు ఎగదీసి ఆగిపోయింది. స్టార్టర్ తిరుగుతోంది గానీ ఇంజిన్ అందుకోవడం లేదు. వెనక బస్సు హారన్ ఆపడం లేదు. కారును పక్కకు తోయించి బానెట్ ఎత్తాను. అంతవరకు విసుక్కున్నవాళ్లంతా గారడీవాడి చుట్టూ చేరినట్టు చేరారు. ఇంజిన్‌కే బిగించిన పెట్రోలు పంపుకు గాజు గిన్నె ఉంటుంది. అందులో పెట్రోలుకు బదులు బుడగలే కనిపించాయి. వేడికి గొట్టంలోనే పెట్రోలు ఆవిరైపోతే పంపు లాగేదేమీ ఉండదు. కొబ్బరి బోండాల అతను తడి గోనెపట్టా ఇచ్చాడు. దాన్ని పంపు చుట్టూ చుట్టి, నీళ్లు పోసి, పంపు కింది చిన్న మీటను వేలితో ఆడిస్తూ కూర్చున్నాను. కాసేపటికి గిన్నె నిండింది, బండి కదిలింది.

ఎండదే తప్పనుకుని ఊరుకునేవాణ్ణే. కానీ క్రోంపేట చేరేలోపు మళ్లీ ఆగింది. నెల్లూరు నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడిన మా మెకానిక్ పెద్దాయన పంపు విప్పి, లోపల పెట్రోలును లాగే రబ్బరు పొరను, డయాఫ్రమ్‌ను, నా చేతిలో పెట్టాడు. "ఎండ మనకు కొత్తా బాబూ? ఇప్పుడొచ్చే పెట్రోలుకు ఈ పాత రబ్బరు ఆగదు" అన్నాడు. బంకుల్లో ఇప్పుడు దొరికేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. ఆ కాలపు రబ్బరును అది ఉబ్బించి మెత్తబరుస్తుంది. గొట్టాలు, డయాఫ్రమ్ అన్నీ ఇథనాల్‌ను తట్టుకునే రకానికి మార్చాక వేసవిలో ఆగడం బాగా తగ్గింది. పూర్తిగా పోయిందని మాత్రం చెప్పను. పట్టా ముక్క, నీళ్ల సీసా ఇప్పటికీ డిక్కీలో ఉంటాయి.

ఇంతగా పొగిడిన బానెట్‌కు తాళం లేదు. కొక్కేలు బయటే ఉంటాయి కాబట్టి నేను తీసినంత సులువుగా ఎవరైనా తీయగలరు. టి.నగర్‌లో ఒక పెళ్లికి వెళ్లి వచ్చేసరికి బ్యాటరీ మాయమైంది. అప్పటినుంచి బ్యాటరీకి గొలుసు, గొలుసుకు తాళం. ముక్కు గోడకు ఆనించి నిలిపితే బానెట్ తెరుచుకోదు, అందుకే అపార్టుమెంటులో నాకిచ్చిన చోటును పక్కింటివారితో మార్చుకున్నాను. మరమ్మతు సులువని ఇదివరకు అందరికీ చెప్పేవాణ్ణి. సులువే, విడిభాగం దొరికితే. పాత విడిభాగాలమ్మే పుదుపేటలో తెలిసిన దుకాణదారు ఉండాలి, ఓపికా ఉండాలి.

మలుపు తిరిగే తీరు మాత్రం ఇప్పటికీ ముచ్చటే. ఇరవై అయిదు అడుగుల్లో చుట్టు తిరిగొస్తుంది, మైలాపూరు సందుల్లో వెనక్కి తీసే పనే ఉండదు. అదే ధీమాతో ఈస్ట్ కోస్ట్ రోడ్డు మీద వేగంగా మలుపు తీసుకోకూడదు. చక్రంతో పాటే పైకీ కిందికీ ఊగే వెనక ఇరుసు, అంటే స్వింగ్ యాక్సిల్, వల్ల వెనక చక్రాలు వంగి పట్టు తప్పే ప్రమాదముంది.

యాభై ఏళ్లు దాటిన బండికి వింటేజ్ వాహనాలకిచ్చే వీఏ వరుస నంబరు తీసుకోమని మిత్రులు చెబుతుంటారు. 20 వేల రుసుము పోతే పోయింది, ఆ నంబరుతో రోజువారీ తిరగకూడదు. నాకు తిరగడమే కావాలి. ఆఫీసుకు వేరే కారుంది, మెకానిక్ రెండు వీధుల అవతలే ఉన్నాడు, అందుకే నాకు సాగుతోంది. ఈ రెండూ లేనివాళ్లకు పద్మినే మేలేమో. మా ఆవిడ అయితే డిసెంబరు, జనవరిల్లో తప్ప ఇందులో ఎక్కదు.