క్లోజర్‌కి విలువ కాపీ ఇవ్వాలా, వేరియబులే ఇచ్చేయాలా: ఏది మేలు?

బస్ టికెట్ల సైట్ ఒకటి చేస్తున్న రోజుల్లో తిన్న దెబ్బతో మొదలుపెడతాను. సీట్ల పేజీలో 40 బటన్లు. ఫర్ లూప్‌లో ఐ అనే వేరియబుల్ 1 నుంచి 40 దాకా తిరుగుతూ ఒక్కో బటన్‌కి ఒక పేరులేని ఫంక్షన్ తగిలిస్తుంది, బటన్ నొక్కితే ఆ నంబరు సీటు ఎంపిక కావాలి. జావాస్క్రిప్ట్, అదీ వేరియబుల్‌ని వార్ (var) అని ప్రకటించే కాలం. తీరా చూస్తే ఏ సీటు నొక్కినా 41 అంటోంది. బస్సులో ఉన్నవే 40! లూప్ ఆగాలంటే ఐ 41కి చేరాలి, లూప్ ఆగాక గానీ ఎవరూ బటన్ నొక్కరు, పైగా నలభై ఫంక్షన్లూ చూసేది ఆ ఒక్క ఐ వైపే. నేనేమో రెండు గంటలు సర్వర్ కోడ్ తవ్వాను.

ఇదే పైథాన్‌లో రాస్తే 41 కాదు, 40 వస్తుంది, ఎందుకంటే అక్కడ రేంజ్ (1 నుంచి 40 దాకా అంకెల వరస) అయిపోయాక ఐ చివరి విలువ దగ్గరే ఉండిపోతుంది. అది ఇంకా ప్రమాదం. 40 నిజంగా ఉన్న సీటే, ఎవరికీ వెంటనే అనుమానం రాదు.

సరే, అసలు విషయం. లోపలి ఫంక్షన్ బయటి వేరియబుల్‌ని వాడుకుంటే దాన్ని క్యాప్చర్ చేసిందంటాం, అలా పట్టుకున్న ఫంక్షనే క్లోజర్. కానీ పట్టుకున్నది ఏమిటి? శుభలేఖలో ముహూర్తం అచ్చు వేయించడం ఒక పద్ధతి. ముహూర్తం వేయకుండా, పంతులుగారి ఫోన్ నంబరు వేసి కనుక్కోమనడం ఇంకో పద్ధతి. మొదటిది విలువను కాపీ చేసుకోవడం, తర్వాత ముహూర్తం మారినా కార్డులో పాతదే ఉంటుంది. రెండోది వేరియబుల్‌నే పట్టుకోవడం, ఎప్పుడు అడిగితే అప్పటి మాట చెబుతారు. జావా, పీహెచ్‌పీ మొదటి దారి పట్టాయి. జావాస్క్రిప్ట్, పైథాన్, సీ షార్ప్, గో, స్విఫ్ట్ రెండో దారి.

నా బగ్ విన్నవాళ్లు ఠక్కున కాపీయే మేలనేస్తారు. నేనూ కొన్నాళ్లు అలాగే అనుకున్నాను. పీహెచ్‌పీలో 5.3 వెర్షన్ (2009) నుంచీ మామూలు క్లోజర్ రాసేటప్పుడు యూజ్ అని పెట్టి ఏయే వేరియబుల్స్ కావాలో పేర్లు రాయాలి, అవి కాపీగా వస్తాయి. చదవడానికి హాయిగా ఉంటుంది, ఈ ఫంక్షన్ బయటి నుంచి ఏం తెచ్చుకుందో మొదటి లైన్లోనే కనిపిస్తుంది. ఇప్పుడు ఆ క్లోజర్‌లో కౌంట్‌ని ఒకటి పెంచండి. బయట కౌంట్ మారదు, ఎర్రర్ రాదు, పైగా మళ్లీ పిలిస్తే పట్టుకున్న పాత విలువ నుంచే లెక్క మొదలవుతుంది. బయటిది మారాలంటే యూజ్‌లో పేరు ముందు & పెట్టాలి, అది మర్చిపోతే అడిగే నాథుడు లేడు.

జావా ఈ తలనొప్పిని ఇంకో రకంగా తప్పించుకుంది. 2014లో జావా 8తో లామ్డాలు (పేరులేని చిన్న ఫంక్షన్లు) వచ్చినప్పుడు పెట్టిన రూలు: లామ్డా పట్టుకునే లోకల్ వేరియబుల్ ఒకసారి విలువ ఇచ్చాక మళ్లీ మారకూడదు. మారకపోతే కాపీకీ అసలుకీ తేడా ఎవరికీ తెలియదు, మార్చబోతే కంపైలరే ఆపేస్తుంది. మారే లోకల్స్‌ని రెండు థ్రెడ్లు (ఒకే ప్రోగ్రాంలో ఒకేసారి నడిచే పనులు) పంచుకుంటే వచ్చే గొడవలు కూడా ఉండవు. కాగితం మీద భలే ఉంది. ఆచరణలో? లామ్డాలో లెక్క పెంచాల్సి వస్తే ఒకే గడి ఉన్న అర్రే తయారు చేసి దాన్ని క్యాప్చర్ చేస్తాం, అర్రే మారలేదు, లోపలి అంకె మారింది, కంపైలర్ కిమ్మనదు. ఏ థ్రెడ్ల గొడవకి భయపడి తలుపు వేశారో అదే గొడవ కిటికీలోంచి లోపలికొచ్చింది. నేను చూసిన ప్రతి పెద్ద జావా ప్రాజెక్టులోనూ ఈ అర్రే ఎక్కడో ఒకచోట ఉంటుంది.

సీ ప్లస్ ప్లస్ మాత్రం బాధ్యతంతా మన నెత్తినే పెట్టింది. 2011 నుంచి [=] రాస్తే కాపీ, [&] రాస్తే రెఫరెన్స్ (అంటే అసలు వేరియబులే), లేదా ఒక్కో పేరుకీ విడిగా చెప్పొచ్చు. కాపీని మార్చబోతే, మ్యూటబుల్ అని రాస్తే తప్ప, ఎర్రర్ ఇస్తుంది, పీహెచ్‌పీ కన్నా ఇది నయం. కానీ [&] పెట్టిన లామ్డాని దాచుకుని, ఫంక్షన్ ముగిశాక పిలిచామా, పంతులుగారి నంబరు ఈలోగా వేరేవాళ్లకి ఇచ్చేసి ఉంటారు, ఎవరో ఎత్తి నోటికొచ్చిన ముహూర్తం చెబుతారు. [=] పెడితే క్షేమం అనుకోవద్దు, క్లాస్ లోపల అది ఆబ్జెక్ట్‌ని కాపీ చేయదు, దిస్ పాయింటర్‌ని, అంటే ఆ ఆబ్జెక్ట్ అడ్రస్‌ని మాత్రమే చేస్తుంది. ఈ చాటుమాటు వ్యవహారం నచ్చకే సీ++20లో [=]తో దిస్ దానంతటదే రావడాన్ని వాడొద్దన్న జాబితాలో పెట్టారు.

మరి వేరియబుల్‌నే పట్టుకునే భాషలకి లూప్ గండం ఎలా తప్పింది? నాకు అన్నిటికన్నా నచ్చిన ముక్క ఇదే. వాళ్లు క్యాప్చర్ రూలుని ముట్టుకోలేదు, లూప్‌లో ఎన్ని వేరియబుల్స్ ఉండాలన్నదే మార్చారు. సీ షార్ప్ 2012లో ఫర్‌ఈచ్‌కి ప్రతి తిరుగుడుకీ కొత్త వేరియబుల్ ఇచ్చింది (మామూలు ఫర్‌లో మాత్రం ఇప్పటికీ ఒక్కటే, జాగ్రత్త). జావాస్క్రిప్ట్‌లో 2015లో లెట్ వచ్చింది, వార్ తీసి లెట్ పెడితే నా 40 సీట్లకి 40 ఐలు. గో అయితే 2024 ఫిబ్రవరిలో 1.22 దాకా ఆగింది, ఈలోపు చాలామంది మూల్యం చెల్లించారు. 2020లో, వెబ్‌సైట్లకి ఉచితంగా భద్రతా సర్టిఫికెట్లు ఇచ్చే లెట్స్ ఎన్‌క్రిప్ట్‌లో 30 లక్షలకు పైగా సర్టిఫికెట్లకు చుట్టుకున్న బగ్‌కి మూలం కూడా గో లూప్ వేరియబులే. అక్కడ క్లోజర్ కూడా లేదు, లూప్ వేరియబుల్ అడ్రస్‌ని దాచుకున్నారంతే. కొత్త కంపైలర్ వేసినంత మాత్రాన సరిపోదు, ప్రాజెక్టు వివరాలుండే గో.మాడ్ ఫైల్లో గో వెర్షన్ 1.22 గానీ ఆపైన గానీ ఉండాలి, 1.21 అని ఉంటే పాత పద్ధతే నడుస్తుంది.

ఇక్కడే నా మనసు మారింది. నన్ను ఏడిపించింది క్యాప్చర్ కాదు, నలభై పనులకి ఒకే ఐ ఉండటం. ఆ ఒక్కటి సరిచేశాక వేరియబుల్‌నే పట్టుకోవడం చాలా సహజంగా ఉంటుంది: ఇఫ్ బ్లాకులో పేరు ఎలా పనిచేస్తుందో లామ్డాలోనూ అలాగే పనిచేస్తుంది, కోడ్‌ని లామ్డాలోకి మార్చినంత మాత్రాన అర్థం మారదు. చిక్కల్లా క్లోజర్ బతికున్నంత కాలం అది పట్టుకున్నదీ మెమరీలో ఉండిపోవడం. అలా ఉండిపోకుండా స్విఫ్ట్‌లో వీక్ సెల్ఫ్ (ఆబ్జెక్ట్‌ని గట్టిగా పట్టుకోవద్దని చెప్పే మాట) అని రాసి రాసి వేళ్లు అరిగినవాళ్లకి అది చెప్పక్కర్లేదు.

రస్ట్‌ని చివరికి ఉంచాను, కొంచెం అసూయతో. మామూలుగా రెఫరెన్స్ పట్టుకుంటుంది, ఆ క్లోజర్ వేరియబుల్ కన్నా ఎక్కువ కాలం బతికే అవకాశం ఉంటే కంపైలరే ఒప్పుకోదు, మూవ్ (విలువనే క్లోజర్‌లోకి తీసుకెళ్లిపోవడం) పెట్టమని సలహా కూడా అదే ఇస్తుంది. సీ ప్లస్ ప్లస్‌లో రాత్రి రెండింటికి దొరికే బగ్ ఇక్కడ పగలే దొరుకుతుంది. ఓనర్‌షిప్ (విలువ ఎవరి సొంతం), లైఫ్‌టైమ్ (అది ఎంతకాలం బతుకుతుంది) నేర్చుకునే ఓపిక మాత్రం ఉండాలి.

నన్ను ఎంచుకోమంటే రోజువారీ యాప్ పనికి లెట్ ఉన్న జావాస్క్రిప్ట్ పద్ధతి, మెమరీ చేత్తో చూసుకునే చోట రస్ట్. జావా రూలు మూడో స్థానం, ఆ అర్రే వల్లే. పైథాన్‌లో ఉన్నవాళ్లు మాత్రం లామ్డాకి ఐ అనే పారామీటర్ పెట్టి, డిఫాల్ట్ విలువగా మళ్లీ ఐ నే ఇస్తూ ఉండండి. డిఫాల్ట్ విలువ లామ్డా తయారైనప్పుడే లెక్కకొస్తుంది కాబట్టి ఎవరి సీటు వాళ్లకే దక్కుతుంది.