245 నుంచి 265కి, మళ్లీ 245కి: కోనసీమ గట్ల మీద థార్ టైర్లు

2021లో కొన్న మహీంద్రా థార్ ఇది. డీజిలు, ఫోర్ బై ఫోర్ (కావాలంటే నాలుగు చక్రాలకీ ఇంజిను బలం అందేది), ఏఎక్స్ రకం. అంటే పదహారంగుళాల రిమ్ములది. మీటరు మొన్ననే 85 వేలు దాటింది. ఇదేం ఆదివారం షికారు బండి కాదు. అమలాపురం నుంచి రోజూ రొయ్యల చెరువుల మీదికి వెళ్లిరావాలి, మేత బస్తాలు మొయ్యాలి, జనరేటరుకి డీజిలు క్యాన్లు తేవాలి. వారానికోసారి సముద్రం వైపు, నెలకోసారి రాజమండ్రి. పొద్దున్నే పిల్లల్ని స్కూల్లో దింపేదీ ఇదే. ఇప్పటికి మూడు సెట్ల టైర్లు వాడాను. అందులో ఒక సెట్టు నా చేతకానితనం. దాని గురించే ఎక్కువ చెబుతాను.

కంపెనీ ఇచ్చిన సైజు 245/75 ఆర్16. టైరు వెడల్పు 245 మిల్లీమీటర్లు, పక్కగోడ ఎత్తు ఆ వెడల్పులో 75 శాతం, రిమ్ము 16 అంగుళాలు. లెక్క కడితే టైరు నిలువెత్తు 774 మి.మీ. దాకా వస్తుంది. ఇదే బండి ఎల్ఎక్స్ రకానికి అప్పట్లో 255/65 ఆర్18 వచ్చేది, దాని నిలువెత్తు 789. రిమ్ము పెద్దది కాబట్టి చూడ్డానికి బాగుంటుంది గానీ పక్కగోడ పొట్టి. మన గతుకుల్లో, గాలి తగ్గించి నడపాల్సిన చోట్ల, పక్కగోడ పొడుగున్న పదహారే నయమని కొన్నప్పుడే అనుకున్నాను. ఆ ఒక్క విషయంలో మాత్రం ఇప్పటికీ మాట మార్చుకోలేదు.

మొదటి సెట్టు 42 వేల కిలోమీటర్లు నడిచింది. నాకు పెద్దగా ఫిర్యాదు లేదు, ఒక్కటి తప్ప. దాళ్వా (రబీ వరి) కోతలప్పుడు ధాన్యం ట్రాక్టర్లు పుంతల్ని, అంటే పొలం బాటల్ని, దున్నిపారేస్తాయి. చక్రాలు పోయిన చోట మోకాలి లోతు గాడి, మధ్యలో గేదె వీపులా మట్టి. ఎండకి అది రాయవుతుంది. ఆ వీపు మీద నా వెనక డిఫరెన్షియల్ హౌసింగు, అంటే వెనక ఇరుసు మధ్యలో కిందికి ఉబ్బి ఉండే గేర్ల డొక్కు, గీరుకుంటూ పోయేది. ఆ చప్పుడు వింటే పన్ను పీకుతున్నట్టుండేది. స్ప్రింగులు ఎత్తు చేయిస్తే పోతుందేమోనని మెకానిక్కుని అడిగాను. "బాడీ లేస్తాదండి, హౌసింగు లేవదు. వెనకాల ఆక్సిలు మొత్తం ఒకటే కడ్డీ కదండీ, అది చక్రాల్తోనే ఉంటాది. లేపాలంటే టైరే పెద్దదవ్వాలి" అన్నాడు. వంద శాతం నిజం. ఆ నిజాన్ని పట్టుకుని నేను టైర్ల షాపుకి వెళ్లాను, అక్కడ మునిగాను.

"థార్‌కి ఇదండీ అందం" అని షాపాయన 265/75 ఆర్16 చూపించాడు. ఏటీ రకం, రోడ్డుకీ మట్టికీ మధ్యస్థం. నిలువెత్తు 804. పాతదానికంటే 30 మి.మీ. ఎక్కువ. అందులో సగమే కింద ఖాళీగా కలిసొస్తుంది, మిగతా సగం చక్రం పైకి పోతుంది. అంటే నాకు దక్కింది 15 మి.మీ. చూపుడు వేలు మందం. ఆ లెక్క నేను డబ్బులు కట్టి ఇంటికొచ్చాక వేశాను.

బాగున్నదేమిటో ముందు చెబుతాను. వేలు మందమైనా వేలు మందమే. గాడుల్లో గీరుడు సగానికి తగ్గింది. వేసవిలో గోదావరి పాయ ఎండాక లంకలోకి ఇసుక మీద వెళ్లేటప్పుడు బండి తేలిగ్గా తేలిపోయేది. చెరువు కొత్తగా తవ్వి, పొక్లెయిన్ పోసిన గట్టు ఇంకా కుదురుకోకముందు, ఆ మెత్తటి మట్టిలో వెడల్పు టైరు తక్కువ దిగబడేది. చూడ్డానికి బండి గంభీరంగా ఉండేదన్నది వేరే చెప్పక్కర్లేదు.

ఇక రెండో వైపు. స్టీరింగు పూర్తిగా కోస్తే ముందు టైరు లోపల ప్లాస్టిక్కుకి రాసుకునేది. మా సందులో బండి తిప్పిన ప్రతిసారీ ఆ గరగర. అమ్మ ఎక్కాలంటే పీట వెయ్యాల్సి వచ్చింది. "ఎక్కడానికి నిచ్చెన కూడా ఇచ్చారేమో అడగలేకపోయారా" అని మా ఆవిడ. టైరు ఒక్కోటి బరువు ఎక్కువ కాబట్టి కదలడానికి బద్ధకం, రెండో గేరులో ఉండాల్సినంతసేపటికంటే ఎక్కువసేపు ఉండాల్సొచ్చేది.

మైలేజీ గురించి ఒక మాట. పెద్ద టైరు వేయగానే లీటరుకి ఒకటిన్నర కిలోమీటరు పడిపోయిందని నేనూ గగ్గోలు పెట్టాను. అందులో కొంత మీటరు చెప్పే అబద్ధం. చక్రం చుట్టుకొలత నాలుగు శాతం పెరిగితే మీటరు వెయ్యి చూపించేసరికి బండి నిజానికి 1,039 కి.మీ. తిరిగి ఉంటుంది. మీటరు 80 దగ్గర ఉన్నప్పుడు మీరు 83లో ఉంటారు. అది సవరించి లెక్కేస్తే నాకు నిజంగా తగ్గింది కిలోమీటరు, అటూ ఇటూగా. అదీ తక్కువేం కాదు, రోజూ తిరిగేవాడికి.

ఇవన్నీ సర్దుకుపోయేవే. 265ని నా చేత వదిలించింది రెండు సంగతులు.

మొదటిది 2023 వానల్లో. అమావాస్య దగ్గర్లో రొయ్య కుబుసం విడుస్తుంది, ఆ రోజుల్లో చెరువులో గాలి ఆడించే ఏరేటర్లు ఆగి దానికి గాలి చాలకపోతే మర్నాటికి చచ్చి తేలిపోతుంది. రాత్రి పది గంటలకి కరెంటు పోయిందని కాపలా పెద్దాయన ఫోన్. జనరేటరులో డీజిలు గంటకి మించి లేదు. రెండు క్యాన్లు వేసుకుని బయల్దేరాను. సాయంత్రం నుంచి జల్లు పడుతూనే ఉంది. చెరువు గట్టు పైన వెడల్పు ఎనిమిదడుగులుంటుంది, బండే ఆరడుగులు. రెండు పక్కలా నీళ్లే. ఇసుకలో చేసినట్టే తెలివిగా టైర్లలో గాలి ఇరవై పీఎస్ఐకి దింపుకున్నాను.

సగం గట్టు దాటాక వెనక భాగం తనంతట తాను ఎడమకి నడవడం మొదలుపెట్టింది. నేను స్టీరింగు తిప్పలేదు, యాక్సిలరేటరు తొక్కలేదు. పెనం మీద వెన్నముక్కలా జారింది. కొంగలు వాలకుండా కట్టిన తాళ్ల గుంజ ఒకటి ఫట్మని విరిగింది. "బాబుగారూ, తిప్పకండి, ఆపెయ్యండి, ఆపెయ్యండి!" అని పెద్దాయన అరుపు. ఆగింది. దిగి చూస్తే వెనక ఎడమ టైరు మూడొంతులు గట్టు మీద, ఒక వంతు గాల్లో.

పెద్దాయన టార్చి పట్టుకుని చెప్పు విప్పి మడమతో గట్టుని నొక్కాడు. రెండంగుళాలు దిగి ఆగింది. "పైన వెన్నండి, కింద గట్టిదేనండి. మీ టైరు కిందకి దిగట్లేదండి, పైపైనే ఈదుతోందండి" అన్నాడు. ఇన్నేళ్లలో టైరు గురించి నేను విన్న మాటల్లో ఇంతకంటే సూటైనది లేదు. మన రేగడి కలిసిన ఒండ్రు గట్లు పైన తడిసి జిగట పడతాయి, లోపల గట్టిగానే ఉంటాయి. అక్కడ టైరు ఆ జిగటని కోసుకుని కింద గట్టి మట్టిని పట్టుకోవాలి. వెడల్పు పెరిగితే అదే బరువు ఎక్కువ చోటుకి పంచుకుంటుంది, కోత తగ్గుతుంది. గాలి తీసేసి నేను ఆ వెడల్పుని ఇంకా పెంచాను. ఇసుకలో కాపాడిన కిటుకే ఇక్కడ ముంచింది. దానికి తోడు ఏటీ టైరు గాడుల్లో రేగడి దిబ్బరొట్టెలా పట్టేస్తుంది, ఇక టైరు నున్నటి గుండే.

కొబ్బరి మట్టలు నరికి టైర్ల కింద పరిచి, పారతో ఎడమ పక్క గాడి కొట్టి, ఫోర్ లోలో (నాలుగు చక్రాలతో మెల్లగా, ఎక్కువ బలంతో లాగే గేరు) అంగుళం అంగుళం వెనక్కి తీసుకున్నాం. డీజిలు క్యాన్లు పెద్దాయన కొడుకు భుజాన మోసుకెళ్లాడు. మర్నాడు పొద్దున్న అదే గట్టు మీద మా మేత బొలెరో, 215/75 ఆర్15 సన్నటి టైర్లతో, ఫోర్ బై ఫోర్ కూడా లేనిది, బస్తాలతో చివరిదాకా వెళ్లి వచ్చింది. కాస్త జారింది గానీ గాడి తీసుకుంటూ పోయింది. నేను చూస్తూ నిలబడ్డాను.

రెండోది నా పిసినారితనం. నాలుగు టైర్లే కొన్నాను, స్టెప్నీ పాత 245నే ఉంచాను. అరిగిన 245కీ కొత్త 265కీ నిలువెత్తులో 35 మి.మీ. పైనే తేడా. ఓడలరేవు వైపు ఒక మధ్యాహ్నం ఆల్చిప్ప పక్కగోడ చీల్చింది. స్టెప్నీ వెనక బిగించి, ఇసుకలోంచి ఫోర్ హైలో (నాలుగు చక్రాలూ, మామూలు వేగం) బయటికొచ్చాను. తారు రోడ్డెక్కి టూ హైకి, అంటే వెనక చక్రాలకే బలం వెళ్లేలా, మారుద్దామంటే లివరు కదలదు. స్టీరింగు బిగుసుకుపోయింది, మలుపులో కింద కటకట. థార్‌కి ముందు వెనక ఆక్సిళ్ల మధ్య, వేగం తేడాని సర్దే డిఫరెన్షియల్ ఉండదు. ఫోర్ హైలో రెండూ ఒకే వేగంతో తిరిగి తీరాలి. వెనక ఒక చక్రం చిన్నదైతే అది ఎక్కువ తిరగాలి, తిరగనివ్వరు. ఇసుకలోనైతే టైరు కాస్త జారి సర్దుకుంటుంది, తారు మీద జారదు. ఆ మెలిక అంతా ముందుకీ వెనక్కీ బలం పంచే ట్రాన్స్‌ఫర్ కేసు గేర్ల మీద పడుతుంది. నాలుగు గజాలు వెనక్కి నడిపితే మెలిక వదిలి లివరు పడింది. అదృష్టం, ఏమీ విరగలేదు. మర్నాడే చీలినదాని బదులు ఒకటి, స్టెప్నీకి ఐదోది ఒకటి, రెండు 265లు కొన్నాను. సైజు మారిస్తే ఐదూ మార్చాలి, లేదా బండిలో ఫోర్ బై ఫోర్ ఉందని మర్చిపోవాలి. ఈ ముక్క షాపులో ఎవరూ చెప్పలేదు.

మీటరు 61 వేల దగ్గర 265లు తీసేశాను. 2024 చివర్లో మూడో సెట్టు: మళ్లీ 245/75 ఆర్16, అదే కంపెనీ, అదే ఏటీ నమూనా. కావాలనే అదే నమూనా తీసుకున్నాను, తేడా వస్తే సైజుదే అని తెలుస్తుందని. 24 వేలు నడిచాక చెబుతున్నాను: అదే గట్టు, అంతే వాన, బండి వంకర తిరగలేదు. అసలు జారదని అనను. జారితే కిందకి దిగి పట్టుకుంటోంది. గీరుడు మళ్లీ మొదలైంది, నిజమే. దానికి టైరు కాదు, నడకే మందు: రెండు చక్రాలూ గాడిలో పెట్టకుండా ఒక పక్కది మధ్య వీపు మీద, ఇంకోటి గాడి అంచున పెట్టి పోతున్నాను.

గాలి సంగతి సైజు కంటే ముఖ్యమని ఆలస్యంగా తెలిసింది. తారు మీద 32 పీఎస్ఐ, వెనక బస్తాలుంటే 35. తడి గట్టు మీద 28 కంటే కిందకి దింపను. కొత్త గట్టు, మెత్తటి మట్టి అయితే 20. ఇసుకలో 16 నుంచి 18, అక్కడ మలుపులు మెల్లగా. బండి బ్యాటరీతో నడిచే చిన్న కంప్రెసరు ఎప్పుడూ వెనక పడి ఉంటుంది. సఖినేటిపల్లి రేవులో గోదావరి దాటించే పంటు ఎక్కేముందు మాత్రం రోడ్డు గాలి పట్టిస్తాను, తడి ఇనప పలక మీద మెత్తటి టైరు నాకు నచ్చదు.

వరద నీళ్లకి పెద్ద టైరు కావాలని కొందరంటారు. 2022 జులైలో దవళేశ్వరం దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక, అంటే 17.75 అడుగులు దాటినప్పుడు, కనకాయలంక కాజ్‌వే వైపు వెళ్లి చూసి వెనక్కొచ్చాను. బండి దాటగలదని కంపెనీ చెప్పే 650 మి.మీ. లోతు నిలబడ్డ నీటికి. పారే నీళ్లలో టైరు వెడల్పు కొద్దీ బండి తేలుతుంది. అక్కడ పడవే బండి.

బొలెరో వాళ్లు 215/75 ఆర్15 తీసి 235/75 ఆర్15 వేయొచ్చా అని అడుగుతారు. అక్కడా దక్కేది అదే 15 మి.మీ. జిమ్నీ 195/80 ఆర్15కి బదులు 215/75 ఆర్15 వేస్తే దక్కేది ఐదే. ఆ సన్న టైరుని కదపకండనే అంటాను, చెరువు గట్లు ఉన్నవాళ్లయితే మరీను.

కొనేటప్పుడు పక్కగోడ మీద రెండు చూడండి. సైజు పక్కనుండే అంకె 111 అయితే ఒక్కో టైరు 1,090 కిలోలు మోస్తుంది. బస్తాలేసుకునేవాళ్లు అంతకు తగ్గకండి. ఇంకోటి తయారైన తేదీ, నాలుగంకెలు: 2324 అంటే 2024లో 23వ వారం. మూడో సెట్టులో నాకిచ్చిన ఐదింట్లో ఒకటి మిగతావాటి కంటే రెండేళ్లు పాతది. సెల్లు లైటు వేసి చదివితే బయటపడింది. "చూడలేదండి" అన్నాడు కుర్రాడు, మార్చి ఇచ్చాడు.

పాత 265లు రావులపాలెం ఆయనెవరో కొనుక్కుపోయాడు. నాలుగే. ఐదోది, వెయ్యి కిలోమీటర్లు కూడా తిరగనిది, ఆయనకీ వద్దట. చెరువు కాడ షెడ్డులో పడుంది. దాని మీద చెక్కపలక వేసుకుని కాపలా పెద్దాయన సాయంత్రం టీ తాగుతాడు.