‘వై ప్లస్ 1’ హామీతో అమ్మే సిమ్యులేషన్ నివేదికలతో జాగ్రత్త

గాలి ప్రవాహాన్ని కంప్యూటర్‌లో లెక్కించే విశ్లేషణను (సిమ్యులేషన్) బయటి సంస్థలకు అప్పగించేవారు సొమ్మంతా చెల్లించేముందు ఇది తప్పకుండా చదవండి.

మానవరహిత విమానం రెక్క ఒకటి విశ్లేషించమని ఒక సంస్థకు ఇచ్చాం. కార్డ్ పొడవు (రెక్క ముందు అంచు నుంచి వెనుక అంచు దాకా) ఒక మీటరు, గాలి వేగం సెకనుకు 20 మీటర్లు. అల్లకల్లోల ప్రవాహాన్ని లెక్కించే కె-ఒమేగా ఎస్‌ఎస్‌టి మోడల్ వాడతామని, ఉపరితలమంతటా వై ప్లస్ (లెక్క మొదలయ్యే బిందువు గోడకు, అంటే రెక్క ఉపరితలానికి, ఎంత దగ్గరో చెప్పే సంఖ్య) 1 దగ్గర ఉంచుతామని రాసిచ్చారు. నివేదిక అందంగానే వచ్చింది. అయితే స్టాల్ కోణం (గాలి రెక్కను విడిచిపోయి లిఫ్ట్ పడిపోయే కోణం) మా విండ్ టన్నెల్ కొలతతో ఏమాత్రం కలవలేదు.

పట్టుబట్టి మెష్ (లెక్క కోసం రెక్క చుట్టూ ఉన్న గాలిని చిన్న గడులుగా విడదీసిన వల) ఫైలు తెప్పించుకున్నాం. గోడను ఆనుకున్న మొదటి గడి మందం అర మిల్లీమీటరు! సమతల పలకకు వాడే ఘర్షణ సూత్రంతో చూస్తే ఈ వేగానికి వై ప్లస్ 1 అంటే గోడ నుంచి సుమారు 0.018 మిల్లీమీటర్లు. గడి మధ్య బిందువు నుంచి కొలిచే సాఫ్ట్‌వేర్‌లో మందం దానికి రెట్టింపు ఉండవచ్చు, అంతే. వాళ్ల గడి మధ్య బిందువు వై ప్లస్ 14 దగ్గర పడింది. వై ప్లస్ 5కు లోపల స్నిగ్ధ పొర (గాలి జిగటదనానిదే పైచేయి), 30 దాటాక లాగరిథమిక్ పొర (వేగం లాగరిథమ్ సూత్రం ప్రకారం పెరుగుతుంది). ఈ రెండింటి మధ్య ఏ సూత్రమూ సరిగా కుదరని చోట గడిని పెట్టారు. అక్కడ వచ్చిన ఘర్షణ విలువను నమ్మి డిజైన్ చేయడం ప్రమాదం.

మరి నివేదికలో 1 అని ఎలా రాశారు? రెక్క ముందు అంచున గాలి ఆగే బిందువు దగ్గర ఘర్షణ దాదాపు సున్నా, కాబట్టి వై ప్లస్ కూడా పడిపోతుంది. ఆ కనిష్ఠ విలువనే చూపించారు. ఇది నాకు చాలా కోపం తెప్పించింది. మెష్ మార్చినా ఫలితం మారలేదన్న వారి పరీక్షలోనూ దూరపు గడులనే చిన్నవి చేశారు, గోడ దగ్గరి పొరను ముట్టుకోలేదు. గోడను ఆనుకున్న గడుల పొరలు కూడా ఐదే, అన్నీ కలిపి నాలుగు మిల్లీమీటర్ల లోపే. వెనుక అంచున సరిహద్దు పొర (గోడ ఘర్షణకు గాలి నెమ్మదించే భాగం) మందం 20 మిల్లీమీటర్లు దాటుతుంది. వై ప్లస్ 1కి సరిపోయే మొదటి గడితో మొదలుపెట్టి, ప్రతి పొర ముందుదానికి 1.2 రెట్లు మందంగా దాన్ని నింపాలంటే పాతిక పొరలకు పైగా కావాలి.

సగటునో కనిష్ఠాన్నో ఒప్పుకోకండి. రెక్క మొత్తంమీద వై ప్లస్ పటం, గరిష్ఠ విలువ, మొదటి గడి మందం, మెష్ ఫైలు ఇవ్వాలని ఒప్పందంలోనే రాయించుకోండి. వాల్ ఫంక్షన్లు (గోడ దగ్గరి ప్రవాహాన్ని గడులతో లెక్కించకుండా సూత్రంతో అంచనా వేసే పద్ధతి) వాడతామంటే అది తప్పేమీ కాదు, కానీ మొదటి గడి వై ప్లస్ 30కి పైన ఉండాలి. స్టాల్ లాంటి ప్రవాహం విడిపోయే సందర్భాలకు ఆ పద్ధతి మీద ఆధారపడవద్దు.

మళ్లీ మెష్ వేయడానికి ఆ సంస్థ అదనపు రుసుము అడిగింది. మేం ఇవ్వలేదు, చివరి వాయిదా కూడా ఆపేశాం.