పాత కారు మోడళ్ల రంగు వదిలించడానికి ఐసోప్రొపైల్ ఆల్కహాల్: ఆరేళ్లు వాడాక

ఈ ఆరేళ్లలో కిట్లతో కట్టే ఇరవైకి పైగా ప్లాస్టిక్ బొమ్మ కార్ల బాడీల రంగు వదిలించి మళ్లీ పెయింట్ చేశాను. ఎక్కువగా 1/24, 1/25 స్కేలువి, అంటే అసలు కారులో 24వ, 25వ వంతు సైజువి. కొన్ని నేను చిన్నప్పుడు బ్రష్‌తో మందంగా పూసినవి, మిగతావి ఎవరో సగం కట్టి వదిలేస్తే సెకండ్ హ్యాండ్‌లో కొన్నవి. వీటిలో చాలా వాటికి వాడింది 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాలే. రంగు ఎంత త్వరగా ఊడిందన్న దానికంటే, ఊడాక ప్లాస్టిక్ ఎలా ఉందన్నదే నాకు ముఖ్యం. ఆ లెక్కన దీనికే నా మొదటి ఓటు.

అక్రిలిక్ రంగుల మీద ఇది బాగా పనిచేస్తుంది. మూత ఉన్న డబ్బాలో బాడీ మునిగేలా పోసి ఉంచితే, కాసేపటికి బానెట్ మీద రంగు ముడతలు పడుతుంది, కాచిన పాల మీద మీగడలా. మెత్తటి టూత్‌బ్రష్‌తో రుద్దితే పొరలు పొరలుగా వచ్చేస్తుంది. తలుపుల చుట్టూ ఉండే సన్నటి గీతల్లో, బంపర్ పక్క మూలల్లో ఇరుక్కున్నదాన్ని టూత్‌పిక్‌తో లాగాలి. అక్కడ పిన్ను, బ్లేడు వాడొద్దు. గీత ఒక్కసారి చెడితే కొత్త పెయింట్ కింద కూడా కనిపిస్తూనే ఉంటుంది. 70 శాతం సీసాతోనూ పని అవుతుంది కానీ అందులో నీళ్లు ఎక్కువ కాబట్టి చాలాసేపు పడుతుంది.

ఒకసారి మాత్రం గట్టి దెబ్బ తిన్నాను. ఒక బాడీని డబ్బాలో వేసి నాలుగు రోజులు మర్చిపోయాను. రంగంతా పోయింది కానీ, బ్రష్ చేస్తుంటే విండ్‌షీల్డ్ పక్క పిల్లర్ పుటుక్కున విరిగింది. ఎక్కువ రోజులు నానితే సన్నటి భాగాలు పెళుసుబారతాయి. అప్పటినుంచి ఒక్క రాత్రికి మించి ఉంచను. మిగిలితే కడిగి, ఆరబెట్టి, మళ్లీ వేస్తాను. అద్దాల్లాంటి పారదర్శక భాగాలను ముందే తీసేస్తాను.

ఏళ్ల తరబడి గట్టిపడిన ఎనామిల్ (నూనె ఆధారిత రంగు) ఆల్కహాల్‌కు లొంగదు. అలాంటి వాటికి డాట్ 3 రకం బ్రేక్ ఫ్లూయిడ్ (బండి బ్రేకుల్లో పోసే ద్రవం) వాడాను. అసలు కార్ల మీద ఒలికితే పెయింట్ పాడుచేసేది ఇదే. డాట్ 5 తీసుకుంటే లాభం లేదు, అది సిలికాన్‌తో చేసింది, రంగును ఏమీ చేయదు. రంగు తీయడంలో డాట్ 3కి వంక పెట్టలేను. కానీ కడగడం పెద్ద పని. డిష్ సోప్‌తో రెండుసార్లు కడిగినా ఓసారి గీతల్లో జిడ్డు మిగిలిపోయింది. ప్రైమర్ (రంగుకు ముందు వేసే పూత) కొట్టగానే అక్కడక్కడా చిన్న గుంటలు పడ్డాయి. మొత్తం మళ్లీ మొదటికొచ్చింది. అందుకే ఆల్కహాల్ చేతులెత్తేస్తేనే దీని దగ్గరికి వెళ్తాను.

అసిటోన్, లాకర్ థిన్నర్ జోలికి మాత్రం అస్సలు పోవద్దు. ఈ కిట్లు పాలీస్టైరీన్ అనే ప్లాస్టిక్‌తో చేస్తారు, అవి రంగుతో పాటు దాన్నీ కరిగించేస్తాయి. క్రోమ్ భాగాలకు ఇంట్లో వాడే బ్లీచ్ చాలు, ఆ మెరుపు పలుచటి అల్యూమినియం పొర కాబట్టి తొందరగా పోతుంది. అయితే బ్లీచ్ పోసిన డబ్బాలో ఆల్కహాల్ పోయకండి, రెండూ కలిస్తే విషపూరితమైన రసాయనాలు పుడతాయి. డబ్బాలు విడివిడిగా పెట్టుకోండి.

ఆల్కహాల్ ఆవిరి ఇట్టే అంటుకుంటుంది. కిటికీలు తెరిచి, గ్లవ్స్ వేసుకుని, స్టవ్‌కు దూరంగా పని చేయాలి. వేడి చేస్తే త్వరగా ఊడుతుందని ఎవరైనా చెప్పినా వినకండి. వాడిన ద్రవాన్ని రెండు రోజులు కదపకుండా ఉంచితే రంగు అడుగున పేరుకుంటుంది. పైనున్నది గుడ్డలో వడకట్టి మళ్లీ వాడుకోవచ్చు, నేను ఒకే సీసాను మూడు నాలుగు బాడీలకు వాడతాను.

ఎర్ర రంగు వేసిన తెల్ల బాడీలు మాత్రం ఎంత కడిగినా లేత గులాబీ రంగులోనే మిగులుతాయి. మొదట్లో ఆ మరక పోవాలని గంటలకొద్దీ రుద్దేదాన్ని, దాంతో డిక్కీ మీది బుల్లి అక్షరాలు అరిగిపోయాయి. ఇప్పుడు మరకను అలాగే వదిలేసి, ఒక రోజు ఆరనిచ్చి, బూడిద రంగు ప్రైమర్ కొడుతున్నాను. పైన తెలుపో పసుపో వేయాలనుకుంటే మధ్యలో ఒక పలుచటి సిల్వర్ కోటు వేస్తాను. ఆ ఎరుపు ఇంతవరకు పైకి రాలేదు.