ఫోన్‌లో యాడ్లు ఆపడానికి ఏది మేలు: ఎక్స్‌టెన్షనా, బ్రేవా, ప్రైవేట్ డిఎన్‌ఎస్సా?

పోయిన సంక్రాంతికి తెనాలి వెళ్లినప్పుడు అమ్మ తన ఫోన్ నా చేతిలో పెట్టి, "ఏరా, దీనికి వైరస్ పట్టిందంట, చూడు" అంది. తిథి, వర్జ్యం చూసుకోవడానికి తను రోజూ తెరిచే ఒక సైట్‌లో యాడ్ ఒకటి తెర నిండా ఎర్రగా పరుచుకుని, వెంటనే ఫోన్ క్లీన్ చేసుకోమని బెదిరిస్తోంది. అంతకు ముందు వారమే అలాంటిదాన్ని నొక్కి ఏదో క్లీనర్ యాప్ దించుకుందట. దానికి మెసేజ్‌లు చదివే అనుమతి కూడా ఇచ్చేసింది. నాన్న పెన్షన్ పడే ఖాతా ఓటీపీలు వచ్చేది ఆ ఫోన్‌కే. యాప్ తీసేసి, పాస్‌వర్డ్ మార్చి, ఆ పూటకి గండం గడిచిందనుకున్నా గానీ టెన్షన్ మాత్రం తగ్గలేదు.

ఇలాంటి యాడ్లనీ, సైటు సైటుకీ మన వెంట పడే ట్రాకర్లనీ ఆపడానికి ఇప్పుడు మూడు నాలుగు దారులున్నాయి. అప్పట్నించీ నా ఫోన్‌లో, ఇంట్లోవాళ్ల ఫోన్లలో వాటిని మార్చి మార్చి పెట్టి చూశాను. ఏది ఎన్ని యాడ్లు ఆపుతుందన్నది ఒక లెక్క. నాకు అంతకంటే ముఖ్యమైన లెక్క ఇంకోటి ఉంది: ఆ పని అప్పగించినందుకు మన గురించి వాళ్లకి ఏమేం కనిపిస్తుంది?

ఫైర్‌ఫాక్స్‌లో ఎక్స్‌టెన్షన్

ఎక్స్‌టెన్షన్ అంటే బ్రౌజర్‌కి అదనపు పనులు నేర్పే చిన్న తోడు ప్రోగ్రామ్. మన ఆండ్రాయిడ్ ఫోన్లలో వచ్చే క్రోమ్‌లో అవి పెట్టుకునే వీలు లేదు. కంప్యూటర్‌లో క్రోమ్‌కి అలవాటుపడ్డవాళ్లు ఫోన్‌లోనూ ఉంటాయనుకుని మెనూ అంతా వెతుకుతారు. ఎక్స్‌టెన్షన్ కావాలంటే బ్రౌజరే మార్చాలి.

ఫైర్‌ఫాక్స్ ఇందులో ముందు నుంచీ ఉంది. 2020 ఆగస్టులో ఆండ్రాయిడ్ ఫైర్‌ఫాక్స్‌ని పూర్తిగా కొత్తగా కట్టి వదిలినప్పుడు మాత్రం పాత ఎక్స్‌టెన్షన్లన్నీ పోయి పట్టుమని పది కూడా మిగల్లేదు. మూడేళ్లకు పైగా అలాగే నడిచింది. 2023 డిసెంబర్‌లో మళ్లీ గేట్లు తెరిచారు, ఒకేసారి 400కు పైగా ఎక్స్‌టెన్షన్లు ఫోన్‌లోకి వచ్చాయి. వాటిలో యాడ్ల పని పట్టేది యూబ్లాక్ ఆరిజిన్. రేమండ్ హిల్ అనే ప్రోగ్రామర్ మొదలుపెట్టిన ఈ ఎక్స్‌టెన్షన్ ఉచితం, కోడ్ అందరికీ తెరిచి ఉంటుంది, చందాలు కూడా తీసుకోడు ఆయన.

మన తెలుగు సైట్ల మీద దీని పనితనం చూసి నేను నిజంగా ఆశ్చర్యపోయాను. ఒక వార్త చదవాలంటే మూడు యాడ్లు పక్కకి తోసి, కింద నుంచి పైకి లేచే వీడియో మూసి, 'నోటిఫికేషన్లు అనుమతించండి' అన్నదాన్ని దాటి వెళ్లేవాణ్ని. ఇప్పుడు వార్త వార్తలా ఉంది. ఇక్కడ ఒక కిటుకు చెప్పాలి. యూబ్లాక్ సెట్టింగ్స్‌లో ఫిల్టర్ లిస్టులని ఒక పేజీ ఉంటుంది. అందులో ప్రాంతాల వారీ జాబితాల్లో 'ఇండియన్‌లిస్ట్' అన్నదానికి టిక్ పెట్టండి. మన దేశపు సైట్ల యాడ్ల కోసం విడిగా తయారైన జాబితా అది. ఫోన్ భాష ఇంగ్లిష్‌లో పెట్టుకున్నవాళ్లకి చాలాసార్లు అది దానంతట అది ఆన్ అవదు. చాలామంది ఇది చేయక, తెలుగు సైట్లలో యాడ్లు పోవట్లేదని తీసేస్తుంటారు.

ఇక అనుమతి సంగతి. దీన్ని పెట్టుకునేటప్పుడు ఫైర్‌ఫాక్స్ ఒక ప్రశ్న అడుగుతుంది: 'అన్ని వెబ్‌సైట్లలోనూ మీ డేటాను చూసే' అనుమతి ఇవ్వాలా అని. చదివితే ఒళ్లు జలదరించాల్సిన వాక్యం అది. మీరు చదివే ప్రతి పేజీ, ఫారంలో నింపే ప్రతి అక్షరం, నెట్ బ్యాంకింగ్ పేజీలో కనిపించే బ్యాలెన్సు, ల్యాబ్ సైట్‌లో తెరిచే షుగర్ రిపోర్టు, అన్నీ ఆ ఎక్స్‌టెన్షన్ చూడగలదు. తలచుకుంటే మార్చగలదు కూడా. యాడ్ బ్లాకర్‌కి అంత అధికారం ఎందుకంటే, పేజీ నుంచి బయటికి వెళ్లే ప్రతి పిలుపునీ అది ముందే చూసి, ఏది పంపాలో ఏది ఆపాలో తేల్చాలి. అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ లోపలికి వచ్చే ప్రతి సంచీ విప్పి చూసినట్టు. దొంగలు రారు. కానీ మన సంచుల్లో ఏముందో వాచ్‌మన్‌కి తెలుస్తుంది.

యూబ్లాక్ ఆరిజిన్ అలా తెలిసినదాన్ని ఎవరికీ పంపదు, దాని కోడ్‌ని ఎన్నో కళ్లు చూస్తున్నాయి. అందుకే దాన్ని నమ్ముతున్నాను. భయమల్లా మిగతావాటితోనే.

వాచ్‌మన్ మారిపోయిన రోజులు

ఇక్కడ కాసేపు ఆగుతాను, ఎందుకంటే ఎక్స్‌టెన్షన్ల చరిత్ర తెలియకుండా దీన్ని బేరీజు వేయలేం.

సైట్లు నమ్మదగ్గవో కావో చెప్పే 'వెబ్ ఆఫ్ ట్రస్ట్' అనే ఎక్స్‌టెన్షన్ ఉండేది. 2016లో జర్మనీ ప్రసార సంస్థ ఎన్‌డిఆర్ విలేకరులు ఆరా తీస్తే, దాని ద్వారా పోగైన జనం బ్రౌజింగ్ చరిత్ర చేతులు మారి అమ్ముడవుతోందని బయటపడింది. సైట్ల రంగులు, రూపం మార్చే 'స్టైలిష్' 2018లో అలాగే దొరికిపోయింది, వాడేవాళ్లు ఏ పేజీలు చూస్తున్నారో తన సర్వర్‌కి పంపుతూ. 'ద గ్రేట్ సస్పెండర్' కథ ఇంకా బాధగా ఉంటుంది. కంప్యూటర్‌లో ట్యాబ్‌ల భారం తగ్గించే మంచి ఎక్స్‌టెన్షన్ అది. దాన్ని కట్టినాయన 2020లో వేరేవాళ్లకి అమ్మేశాడు. కొత్త యజమానుల చేతిలో అది పాడై, 2021 ఫిబ్రవరిలో గూగుల్ దాన్ని హానికరమని తీసేసింది. నానో యాడ్‌బ్లాకర్ అనేది కూడా 2020లోనే చేతులు మారి అదే దారి పట్టింది.

వీటిలో ఏదీ పెట్టుకున్న రోజున చెడ్డదిగా కనిపించలేదు. అనుమతి మనం ఒక్కసారే ఇస్తాం, అప్‌డేట్లు మాత్రం నిశ్శబ్దంగా వస్తూనే ఉంటాయి. మధ్యలో యజమాని మారితే కొత్త కాగితం మీద మన సంతకం ఎవరూ అడగరు. పాత సంతకమే చెల్లుతుంది.

ఈ చరిత్రంతా కంప్యూటర్లది. ఫోన్‌లోకి ఎక్స్‌టెన్షన్లు వరదలా వచ్చింది ఈ మధ్యే. అందుకే ఇప్పుడే జాగ్రత్త పడాలంటున్నాను. ఫోన్‌లో ఇంకో తేడా కూడా ఉంది. కంప్యూటర్‌లో అయితే ఆఫీసు పనికి ఒక బ్రౌజర్, ఇంటి పనికి ఒకటి పెట్టుకునేవాళ్లు ఉంటారు. ఫోన్‌లో ఒకే బ్రౌజర్‌లో భక్తి, వార్తలు, బ్యాంకు, డాక్టరు, పిల్లల ఫీజులు అన్నీ నడిచిపోతాయి.

అందుకని ఫైర్‌ఫాక్స్‌లో నా పద్ధతి ఇది: యూబ్లాక్ ఆరిజిన్ ఒక్కటే. కూపన్లు వెతికి పెడతామనేవి, వీడియోలు దించి పెడతామనేవి, పేజీని అనువదిస్తామనేవి, ఏవీ వద్దు. కూపన్లు వెతికేది మీరు ఏం కొంటున్నారో చూడాలి. అనువాదం చేసేవాటిలో చాలావరకు పేజీలోని మాటల్ని ఎక్కడో ఉన్న సర్వర్‌కి పంపాలి. పాస్‌వర్డ్ మేనేజర్‌కి కూడా ఫోన్‌లో ఎక్స్‌టెన్షన్ అవసరం లేదు. ఆండ్రాయిడ్ 8 నుంచీ పాస్‌వర్డ్‌లు నింపే ఏర్పాటు ఫోన్‌లోనే ఉంది, ఆ యాప్ పెట్టుకుంటే చాలు. పేజీల్ని నల్లటి రంగులోకి మార్చే డార్క్ రీడర్ దగ్గర నేను కొన్నాళ్లు తటపటాయించాను. రాత్రిపూట కళ్లకి చాలా సుఖం. అది కూడా కోడ్ తెరిచి ఉన్నదే. అయినా అన్ని సైట్ల అనుమతి ఇద్దరికి ఇవ్వడం ఇష్టంలేక తీసేశాను. కళ్ల సమస్య ఉన్నవాళ్లు పెట్టుకుంటే తప్పు పట్టను.

కివీ బ్రౌజర్ వాడేవాళ్లు ఇంకా కొందరు కనిపిస్తున్నారు. క్రోమ్ ఎక్స్‌టెన్షన్లు ఫోన్‌లో నడుస్తాయని మనవాళ్లలో బాగా పాకింది అది. 2025 జనవరిలో దాన్ని ఆపేస్తున్నట్టు కట్టినవాళ్లే ప్రకటించారు. భద్రతా అప్‌డేట్లు రాని బ్రౌజర్‌లో బ్యాంకు పేజీ తెరవడం ప్రమాదం. ఈరోజే తీసేయండి. మైక్రోసాఫ్ట్ ఎడ్జ్ ఆండ్రాయిడ్‌లో ఎక్స్‌టెన్షన్లకి చోటిస్తోంది, ఆ దారి కావాలంటే అది చూడొచ్చు.

బ్రేవ్: బ్లాకర్ లోపలే ఉంటే

బ్రేవ్‌లో ఎక్స్‌టెన్షన్ గొడవే లేదు. బ్లాకర్ బ్రౌజర్‌లోనే కలిపి వస్తుంది, దించుకున్న నిమిషం నుంచీ పని చేస్తుంది. మూడో మనిషి లేడు. బ్రౌజర్ ఎలాగూ మీరు చూసే పేజీలన్నీ చూస్తుంది కదా, అదే యాడ్లు కూడా ఆపితే నమ్మాల్సిన చేతులు రెండు నుంచి ఒకటికి తగ్గుతాయి. ప్రైవసీ లెక్కలో ఇది గట్టి వాదన. చూడ్డానికి క్రోమ్‌లాగే ఉంటుంది కాబట్టి పెద్దవాళ్లు తడబడరు.

అయితే నమ్మకానికి ఇక్కడా ఒక మచ్చ ఉంది. 2020 జూన్‌లో, అడ్రస్ బార్‌లో కొన్ని క్రిప్టో సైట్ల పేర్లు టైప్ చేస్తే బ్రేవ్ తన కమిషన్ కోడ్ తగిలించిన లింకును సూచిస్తోందని వాడేవాళ్లు పట్టుకున్నారు. సంస్థ అధిపతి బ్రెండన్ ఐక్ తప్పు ఒప్పుకుని సరిచేశారు. దానికి యాడ్ల వ్యాపారం, క్రిప్టో వ్యాలెట్ సొంతంగా ఉన్నాయి. అవి మనం ఒప్పుకుంటేనే నడుస్తాయి గానీ, కొత్త ట్యాబ్ పేజీలో వచ్చే స్పాన్సర్ బొమ్మల్ని నేను మొదటి రోజే సెట్టింగ్స్‌లో ఆపేస్తాను.

యాడ్లు ఆపడంలో యూబ్లాక్ కంటే ఒక మెట్టు కింద. రోజువారీ వార్తలకి ఆ తేడా తెలియదు.

ప్రైవేట్ డిఎన్‌ఎస్: ఫోన్ మొత్తానికీ

సైట్ పేరు చెబితే అది నెట్‌లో ఎక్కడుందో చిరునామా వెతికి ఇచ్చేది డిఎన్‌ఎస్. ఆండ్రాయిడ్ 9 నుంచీ నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లో ప్రైవేట్ డిఎన్‌ఎస్ అని ఒకటి ఉంది. అక్కడ యాడ్‌గార్డ్ లాంటి సంస్థ ఇచ్చే ఒక పేరు రాస్తే, యాడ్ సర్వర్ల చిరునామా అడిగినప్పుడల్లా ఫోన్‌కి జవాబు దొరకదు. యాప్ అక్కర్లేదు, బ్యాటరీ తినదు. బ్రౌజర్లోనే కాక ఆటల్లో, యాప్‌లలో వచ్చే చాలా యాడ్లు కూడా ఆగిపోతాయి. ఎక్స్‌టెన్షన్ చేయలేని పని ఇది.

దీనికి మీ పేజీలో ఏముందో తెలియదు. మీరు ఏ సైట్ పేరు అడిగారో మాత్రం తెలుస్తుంది. పేరు చాలదా అనిపించొచ్చు. ఒక సంతాన సాఫల్య కేంద్రం పేరు, ఒక అప్పుల యాప్ పేరు, ఒక ఉద్యోగాల సైట్ పేరు వరుసగా చూస్తే ఒక మనిషి జీవితం సగం తెలిసిపోతుంది. మామూలుగా ఆ పేర్లు మీ సిమ్ కంపెనీకి కనిపిస్తాయి. డిఎన్‌ఎస్ మారిస్తే ఆ చిట్టా ఇంకో సంస్థ చేతికి వెళ్తుంది. సంచీ విప్పరు గానీ గేటు దగ్గర రిజిస్టర్‌లో పేరు రాసుకుంటారు.

లోపాలూ ఉన్నాయి. యూట్యూబ్ యాడ్లు దీనితో పోవు, ఎందుకంటే వీడియో వచ్చే చోటు నుంచే యాడ్ కూడా వస్తుంది. యాడ్ పోయినచోట ఖాళీ గళ్లు మిగులుతాయి. రైల్వే స్టేషన్లో, హోటల్లో వైఫై లాగిన్ పేజీ ఒక్కోసారి తెరుచుకోదు, అప్పుడు దీన్ని కాసేపు ఆపాలి. మా బావ ఈ విషయం తెలియక విజయవాడ స్టేషన్లో అరగంట వైఫైతో తంటాలు పడ్డాడు. నేను ముందే చెప్పి ఉండాల్సింది.

ఐఫోన్ చేతిలో ఉంటే

డాలస్‌లో ఉన్న మా చెల్లి అడిగింది ఇది. ఐఫోన్‌లో ఫైర్‌ఫాక్స్ పెట్టుకున్నా దాన్లో ఎక్స్‌టెన్షన్లు ఉండవు. సఫారీలో మాత్రం రెండు రకాలున్నాయి. 2015 నుంచీ ఉన్న కంటెంట్ బ్లాకర్ పద్ధతిలో, యాప్ తన దగ్గరున్న నిషేధాల జాబితాను సఫారీ చేతికిచ్చి పక్కకి తప్పుకుంటుంది. ఆపే పని సఫారీదే, యాప్‌కి మీరు ఏ పేజీ చూశారో కూడా తెలియదు. 2021లో ఐఓఎస్ 15తో అసలు ఎక్స్‌టెన్షన్లు కూడా వచ్చాయి. వాటికి ఒక్క రోజుకో, ఒక్క సైట్‌కో మాత్రమే అనుమతి ఇచ్చే వీలుంది. ఆ వీలు ప్రతి ఫోన్‌లోనూ ఉండాలని నా కోరిక. ప్రైవసీ ఒక్కటే చూస్తే ఈ జాబితాల పద్ధతికే నా మార్కులు ఎక్కువ. యాడ్లు దాక్కునే కొత్త ఎత్తులకి మాత్రం జాబితా కొంచెం ఆలస్యంగా స్పందిస్తుంది. చెల్లికి కంటెంట్ బ్లాకర్ ఒక్కటి పెట్టుకోమన్నాను.

మరి ఏది ఎవరికి?

సెట్టింగ్స్ తెరవడానికి భయపడనివాళ్లకి, తెలుగు సైట్లు ఎక్కువగా చదివేవాళ్లకి ఫైర్‌ఫాక్స్, యూబ్లాక్ ఆరిజిన్ జంటే మేలు. ఒక్క షరతు: నెట్ బ్యాంకింగ్, ఆరోగ్య రిపోర్టులు ఆ బ్రౌజర్‌లో తెరవకండి. వాటికి ఏ ఎక్స్‌టెన్షనూ లేని క్రోమ్ ఫోన్‌లో ఎలాగూ ఉంది. సెట్టింగ్స్ జోలికి వెళ్లనివాళ్లకి బ్రేవ్. పిల్లలు ఆటలాడే ఫోన్‌కి ప్రైవేట్ డిఎన్‌ఎస్. డిఎన్‌ఎస్‌నీ బ్రౌజర్ బ్లాకర్‌నీ కలిపి వాడొచ్చు, కానీ ఏదైనా పేజీ తెరుచుకోకపోతే తప్పు ఎక్కడుందో పట్టుకోవడం కష్టమవుతుంది. రెండూ ఒకే రోజు పెట్టకండి.

ఏది పెట్టుకున్నా ఒక పని మర్చిపోవద్దు. ఆ బ్రౌజర్‌ని డిఫాల్ట్‌గా మార్చాలి. లేకపోతే వాట్సాప్‌లో వచ్చిన లింకు నొక్కితే మళ్లీ పాత బ్రౌజరే తెరుచుకుంటుంది. ఫేస్‌బుక్ అయితే లింకుల్ని తన లోపలి బ్రౌజర్‌లోనే తెరుస్తుంది. అక్కడ మీ ఎక్స్‌టెన్షన్ ఉండదు. బయటి బ్రౌజర్‌లో తెరవమని ఆ యాప్ సెట్టింగ్స్‌లో విడిగా చెప్పాలి.

ఇంకొకటి నాకు మనసులో ఉన్నది. చిన్న చిన్న తెలుగు సైట్లు కొన్ని యాడ్ల డబ్బుతోనే బతుకుతున్నాయి. మర్యాదగా ఒకటి రెండు యాడ్లు పెట్టి మంచి వ్యాసాలు ఇచ్చేవాటికి నేను బ్లాకర్ ఆపేస్తాను. యూబ్లాక్‌లో ఒక్క నొక్కు, బ్రేవ్‌లోనూ అంతే.

అమ్మ ఫోన్‌లో చివరికి బ్రేవ్ పెట్టాను. పంచాంగం పేజీని హోమ్ స్క్రీన్ మీదకి తెచ్చి, క్రోమ్ గుర్తుని లోపలి పేజీకి జరిపాను. క్రోమ్‌లో తను తెలియక అనుమతించిన నోటిఫికేషన్లు 22 సైట్లవి ఉన్నాయి, ఒక్కొక్కటీ తీసేశాను. వారం తర్వాత ఫోన్ చేస్తే, "ఇప్పుడు దశమి ఎప్పటిదాకా ఉందో గబుక్కున కనిపిస్తోందిరా" అంది. వచ్చే నెల వెళ్లినప్పుడు నాన్న ఫోన్ చూడాలి. ఆయన ఫోన్‌లో ఆండ్రాయిడ్ 8 ఉంది, దాన్లో ప్రైవేట్ డిఎన్‌ఎస్ రాదు.