దశాంశాలు నేర్పడానికి ఏది మేలు: రూపాయి పైసలా, మీటరు టేపా?

ఐదో తరగతికి లెక్కలు చెప్పే తోటి ఉపాధ్యాయులు స్కూల్ కాంప్లెక్స్ సమావేశాల్లో ప్రతిసారీ ఈ ప్రశ్నే అడుగుతున్నారు: దశాంశాలను డబ్బుతో మొదలుపెట్టాలా, కొలతతోనా, గళ్ల కాగితంతోనా?

డబ్బు వైపు బలమైన వాదనే ఉంది. 1957 నుంచి మన రూపాయికి నూరు పైసలు. ధర రాసే పద్ధతి పిల్లలకు ముందే తెలుసు. పావలా, అంతకంటే చిన్న నాణేలు 2011లోనే చెల్లకుండా పోయాయి కనుక నేటి పిల్లలకు పైస బిల్లు మీది అంకె మాత్రమే. అయినా అది పెద్ద లోపం కాదు. అసలు చిక్కు ఏమిటంటే, ధరలో బిందువు తర్వాత ఎప్పుడూ రెండంకెలే ఉంటాయి. 0.8 పెద్దదా, 0.75 పెద్దదా అన్న ప్రశ్న డబ్బులో పుట్టనే పుట్టదు. ఎనిమిది కంటే డెబ్బై ఐదు ఎక్కువ కాబట్టి 0.75 పెద్దదనుకునే పిల్లవాడు రూపాయల లెక్కలన్నీ సరిగ్గానే చేస్తాడు, 2.5కు 1.25 కలపమంటే మాత్రం 3.30 అని రాస్తాడు. అతనికి బిందువు రెండు వేరు వేరు సంఖ్యల నడుమ కట్టిన గోడ.

వరంగల్ చుట్టుపక్కల ఊళ్లలో ఈ భావన ఇంట్లోనే బలపడుతుంది. పట్టాదారు పాసుపుస్తకంలో 1.20 అని ఉంటే ఎకరం ఇరవై గుంటలని అర్థం. ఎకరానికి నలభై గుంటలు కనుక అది నిజానికి ఎకరంన్నర. క్రికెట్‌లో 4.3 ఓవర్లన్నా ఇదే తంతు.

అందుకే నా మొగ్గు మీటరు టేపు వైపు. మీటరు పొడవున్న కాగితపు పట్టీని పది సమాన ముక్కలు చేయించి, అందులో ఒకదాన్ని మళ్లీ పది చేయిస్తే, పదో వంతు, నూరో వంతు ఒకే వస్తువులోంచి పుట్టడం పిల్లలు స్వయంగా చూస్తారు. 0.8 మీటరు, 0.75 మీటరు పట్టీలను పక్కపక్కన పెడితే వాదన అక్కడే తేలిపోతుంది. మీటర్లు, సెంటీమీటర్లు అని విడదీసి చదివించడం మొదలుపెడితే మాత్రం టేపు కూడా రూపాయి పైసల దారే పడుతుంది; మొదటి కొన్ని రోజులు సెంటీమీటరు అన్న మాటే రానీయకుండా మీటరులో ఎన్నో వంతు అని అడగడం మంచిది.

నూరు గళ్ల కాగితం 0.3, 0.30 సమానమని చూపడానికి పనికొస్తుంది, అంతవరకే. స్థాన విలువల పట్టిక ఎలాగూ అందరూ వేస్తారు.

డబ్బును పూర్తిగా మానేయనక్కర లేదు, పట్టీల తర్వాత తేవచ్చు. అప్పుడే పాసుపుస్తకాన్నీ తరగతికి తెచ్చి, 1.39కి ఒక గుంట కలిపితే 2.00 ఎందుకవుతుందో, 1.10ని దశాంశంలో 1.25 ఎకరాలని ఎందుకు రాయాలో పిల్లలతోనే చెప్పించవచ్చు.