హెడ్ ఫేసింగ్ చేయకుండానే చేశామని బిల్లు వేశారు: పాత కార్లున్నవాళ్లు జాగ్రత్త

కోపం ఇంకా తగ్గలేదు, అయినా ఇప్పుడే రాస్తున్నాను. ఏ గ్యారేజీయో పాత కార్లు నడిపేవాళ్లలో చాలామందికి చెప్పక్కర్లేదు. ఇంజన్ పైభాగమైన హెడ్‌కీ కింది బ్లాక్‌కీ మధ్య సీలులా ఉండే హెడ్ గ్యాస్కెట్ మార్చామని, లేత్ షాపులో హెడ్ అడుగుని మెషిన్‌తో చదును చేసే హెడ్ ఫేసింగ్ చేయించామని బిల్లు రాసి మొత్తం డబ్బు తీసుకున్నారు. ఫేసింగ్ మాత్రం చేయించలేదు.

బయట ఎక్కడా కారకుండానే ఇంజన్‌ని చల్లబరిచే కూలెంట్ తగ్గిపోయేది. ఇంజన్ వేడెక్కాక కూడా సైలెన్సర్ నుంచి తియ్యటి వాసనతో తెల్ల పొగ ఆగేది కాదు. స్టార్ట్ చేసిన కాసేపటికే రేడియేటర్ హోస్ ఉబ్బి గట్టిపడేది. వాళ్లు ఆయిల్ మూత తీసి, దాని అడుగున ఉన్న తెల్లటి జిడ్డు చూపించి గ్యాస్కెట్ పోయిందని తేల్చేశారు. కానీ దగ్గర దూరాలే తిరిగే బండిలో చెమ్మ చేరినా ఆ జిడ్డు వస్తుంది. రేడియేటర్ మూత దగ్గర నీలి ద్రవంతో చేసే టెస్ట్ ఉంది. పెట్రోల్ ఇంజన్‌లో మండిన గ్యాస్ కూలెంట్‌లోకి వస్తుంటే ఆ నీలం పసుపుగా మారుతుంది. అది చేయలేదు, సిలిండర్లలో ఒత్తిడి కొలిచే కంప్రెషన్ టెస్ట్ కూడా చేయలేదు. గ్యాస్కెట్ నిజంగానే పోయింది కాబట్టి ఆ సంగతి వదిలేస్తాను.

బండి చేతికొచ్చిన కొద్ది రోజులకే టెంపరేచర్ ముల్లు మళ్లీ ఎర్ర గీత దగ్గరికెళ్లింది. వేరే మెకానిక్ హెడ్ దించి నన్ను పిలిచాడు. హెడ్ మీద ఉక్కు స్కేలు ఏటవాలుగా పెట్టి, దాని కింద సందు కొలిచే 0.15 మిల్లీమీటర్ల ఫీలర్ గేజ్ రేకు తోశాడు. సాఫీగా దూరిపోయింది, అంటే హెడ్ అంత వంగి ఉంది. చాలా ఇంజన్లలో ఆ వంపు 0.05 నుంచి 0.1 మిల్లీమీటర్లు దాటితేనే హెడ్‌కి మెషిన్ పని తప్పదు. ఫేసింగ్ చేసిన హెడ్ మీద కొత్తగా, ఒకే తీరులో మెషిన్ గీతలు కనబడాలి. నా హెడ్ మీద పాత గ్యాస్కెట్ రింగుల మచ్చలు అలాగే ఉన్నాయి. ఆ మచ్చల మీదే సిలికాన్ పూసి కొత్త గ్యాస్కెట్ పెట్టేశారు. బోల్టులూ పాతవే. ఈ ఇంజన్‌కి వాడేవి బిగించినప్పుడు సాగే రకం, హెడ్ దించిన ప్రతిసారీ కొత్తవి వేయాలి. అన్నిటికీ మూలమైన రేడియేటర్ ఫ్యాన్ అసలు తిరగడమే లేదు, దాన్ని ఎవరూ ముట్టుకోలేదు.

ఫోటోలు తీసుకుని గ్యారేజీకి వెళ్లాను. ఓనర్ ఫోన్‌లోంచి తల ఎత్తలేదు. బిల్లులో "హెడ్ ఫేసింగ్" అన్న చోట వేలు పెట్టి, లేత్ షాపు రసీదు చూపించమన్నాను.

"పాత బండికి ఇంత రాద్ధాంతం ఎందుకు సార్? తుక్కుకి వేసేయండి."

చుట్టూ ఉన్న కుర్రాళ్లు నవ్వారు. నా హెడ్ బిగించిన కుర్రాడు మాత్రం స్పానర్ తుడుచుకుంటూ అటు తిరిగిపోయాడు. రసీదు లేదని కూడా ఆ ఓనర్ నోరు తెరిచి చెప్పలేదు, బిల్లు నా వైపు తోసేసి మళ్లీ ఫోన్ చూసుకున్నాడు. డబ్బు పోయినందుకంటే ఆ మాటకే ఒళ్లు మండిపోతోంది. బండి పాతదని తెలిసే పని ఒప్పుకున్నాడు, తెలిసే పూర్తి డబ్బు తీసుకున్నాడు. ఆ బండి మీద నేను ఆధారపడి బతుకుతున్నాను. హెడ్ ఇప్పుడు వేరే లేత్ షాపులో ఉంది. అంత వేడికి పగిలిందో లేదో ప్రెజర్ టెస్ట్ చేస్తేగానీ తెలియదు. పగుళ్లుంటే ఇంకో హెడ్ వెతుక్కోవాలి.

మీరెవరైనా ఈ పని చేయిస్తుంటే, హెడ్ దించిన రోజు వెళ్లి స్కేలు పెట్టించి మీ కళ్లతో చూడండి. లేత్ షాపు బిల్లు విడిగా అడగండి. పాత గ్యాస్కెట్, పాత బోల్టులు మీ చేతికి ఇమ్మనండి. ఫ్యాన్, థర్మోస్టాట్, వాటర్ పంపు చూడకుండా బండి తీసుకోవద్దు. ముల్లు పైకెళ్తే ఇంకాస్త దూరమే కదా అని నడపకుండా అక్కడే ఇంజన్ ఆపేయండి, చల్లారేదాకా రేడియేటర్ మూత ముట్టుకోవద్దు.